పొక్కులు రాని అమ్మవారు

తాండూరుకు కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే మా బావ కోపానికీ, మధ్యాహ్నం వాడి జంక్షన్‌కు పోయే రైలుకీ తేడా కనిపెట్టాను. రైలు అప్పుడప్పుడు ఆలస్యంగా వచ్చేది.

మాది వికారాబాద్. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం నడకా మాటా అచ్చు దింపి చూపించి, అందరినీ నవ్వించి, తర్వాత మా అమ్మ చేత తన్నులు తిన్నదాన్ని. పెళ్లినాడు ఆమె నా చెవిలో చెప్పిన బుద్ధి ఒక్కటే: "నోరు జర ఆపుకో బిడ్డా." అత్తగారింట్లో ఆ పని సులువైంది. బావ ఎదుట మరదలు నెత్తి మీది కొంగు తీయకూడదు, నోరు తెరవకూడదు. నా మాటలన్నీ ఆ కొంగు లోపలే పేరుకుపోయాయి. ఇక్కడ రాస్తున్నవి చాలావరకు అవే.

ఇంట్లో అయిదుగురం. అత్త, పెద్దకొడుకైన బావ, అతని భార్య, నా మొగుడు, నేను. బావ భార్యను నేను అక్కా అనేదాన్ని. బావకు రెండు ఎద్దుబండ్లు ఉండేవి. గనుల దగ్గర్నుంచి నాపరాళ్లు స్టేషన్‌కు తోలేవాడు. నా మొగుడు అక్కడ వాటిని వ్యాగన్లకు ఎక్కించేవాడు. మా ఇంటి నేల బండలే, గోడలూ బండలే, కప్పూ బండలే. బండ గోడ ఎండాకాలం చల్లగా ఉంటుంది. చప్పుడును మాత్రం దాచదు. చెంప మీద పడిన దెబ్బకు ఒక చప్పుడు, వీపు మీద పడినదానికి ఇంకొకటి, తల గోడకు తగిలితే వేరొకటి. కొన్నాళ్లకు పక్కగదిలో కూర్చుని చూడకుండానే ఏది ఏదో చెప్పగలిగేదాన్ని. ఈ చదువుకు ఎవరూ పరీక్ష పెట్టలేదు.

కారణాలకు కొదువ ఉండేది కాదు. రొట్టె మాడింది. రొట్టె మాడలేదు, కానీ మాడేటట్టు ఉంది. ఎద్దు కుంటుతోంది. వ్యాగన్ దొరకలేదు. ఆ వేళకు అత్త వాకిట్లో కందిపప్పు చెరుగుతూ ఉండేది. లోపల దెబ్బలు పెరిగితే బయట చేట చప్పుడూ పెరిగేది. మా అత్త చెరిగినంత శుభ్రమైన పప్పు తాండూరులో ఇంకెవరింట్లోనూ ఉండేది కాదు.

అక్కకు అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. "కాలు తగిలి పోయింది" అని గల్లీలో అందరూ అనుకున్నారు. ఎవరి కాలో ఎవరూ అడగలేదు. నేను చెబుతున్న ఏడాది ఎండాకాలానికి మూడోసారి నిలిచి, ఆరో నెల వచ్చింది. ఆమె ఎటు నడిచినా ఒక చెయ్యి పొట్టకు అడ్డం పెట్టుకునే నడిచేది. నాతో ఒక్కసారే అన్నది.

"ఇది నిలవాలె పిల్లా. గిది గూడ పోతే గని గుంతల దునుకుత."

"గుంతల నీళ్లు లేవక్కా. నడుం ఇరుగుతది గంతే. మల్ల నేనే మొయ్యాలె."

నవ్వింది. నవ్వితే మొన్నటి దెబ్బకు చిట్లిన పెదవి మళ్లీ పగిలి, గదవ మీదికి రక్తం కారింది. కొంగుతో తుడుచుకుని రొట్టె తిప్పేసింది. ఆ పూట ఇంకో జోకు నాకు తట్టలేదు.

యాభై ఏడులో ఎండలు ముదిరి, మొగులు పట్టే రోజుల్లో ఆ జ్వరం వచ్చింది. దేశదేశాలు తిరిగి వచ్చిందని తర్వాత పేపర్లో చదివాను. మా గల్లీకి మాత్రం రైలు దిగి నడిచి వచ్చినట్టే వచ్చింది. ముందు స్టేషన్ హమాలీలు పడ్డారు, తర్వాత బండ్లవాళ్లు, తర్వాత అందరూ. ఎముకలు విరగ్గొట్టినట్టు నొప్పులు, దగ్గు, కళ్లు నిప్పులు. బావ మంచం మీద పడి పశువులా మూలిగాడు. నా మొగుడు బండల మీద బోర్లా పడుకుని చల్లదనం కోసం చెంపలు మార్చుకున్నాడు.

మా అత్త బావ నుదుటి మీద చెయ్యి పెట్టి, "అమ్మవారు వచ్చింది" అన్నది.

ఎదురింటి ముసలామె వచ్చి అతని రొమ్ము చూసింది, వీపు చూసింది. "పొక్కులేవి వదినా?"

"లోపట ఉన్నయ్."

"పొక్కులు లోపట ఉంటయా?"

"నువ్వు లోపటికి పోయి చూసొచ్చినవా?"

వైద్యం అక్కడితో తేలిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఉండే కట్టడి మొదలైంది. పోపు పెట్టకూడదు. మాంసం వండకూడదు. గడ్డం గీయకూడదు. చెప్పులతో లోపలికి రాకూడదు. పొద్దున్నే వాకిట్లో అమ్మవారికి చెంబెడు పసుపునీళ్లు సాక పోయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో ఆడదాన్ని తిట్టకూడదు, కొట్టకూడదు. ఆ రోజుల్లో ఏ ఆడదానిలో అమ్మవారు కూర్చుని ఉంటుందో తెలియదు. చెయ్యెత్తితే కళ్లు తీసుకుపోతుంది.

బావ దీన్ని నమ్మాడు. అతని చిన్నాయనకు మశూచి పోసి రెండు కళ్లూ పోయాయి. చిన్నప్పుడు ఆ చిన్నాయనను కర్ర పట్టుకుని నడిపించింది బావే. గల్లీలో మిగతా మొగవాళ్లకూ ఇలాంటి చిన్నాయనలు ఇంటికొకరు ఉన్నారు.

ఆడవాళ్లకు ఆ జ్వరం రాలేదని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. వచ్చింది. పడుకునే తీరిక రాలేదు. నేను ఒళ్లు కాలిపోతుంటే బావి గిలక పట్టుకుని నిలబడి, గిలకే తిరుగుతోందా నేను తిరుగుతున్నానా అని చూసుకునేదాన్ని. అక్క ఆరు నెలల కడుపుతో, దగ్గితే నరాలు తెగేలా దగ్గుతూ, ఇద్దరు మొగవాళ్లకు గంజి కాచి తాగించింది. గంజి చిక్కదనం వాళ్లకు, తేట మాకు. ఎదురింటి కోడలు పచ్చి బాలింత. జ్వరంతోనే నీళ్లకు వెళ్లి వస్తూ గల్లీ మొదట్లో కూలిపోయింది. ఆమె అత్త చాలాసేపటికి వెతుక్కుంటూ వచ్చి, "కొత్త కుండ పలిగె" అని ఏడ్చింది. ఆ తర్వాత మనిషిని చూసింది. అప్పటికే నోట్లో చీమలు చేరాయి. పొద్దుగూకక ముందే తీసుకుపోయారు. పసిగుడ్డును మూడిళ్ల బాలింతలు వంతులేసుకుని పాలిచ్చి పెంచారు.

బావ లేచాడు. లేచిన మొదటి రోజే గంజిలో ఉప్పు లేదని చెయ్యి ఎత్తాడు. చెయ్యి పైకి వెళ్లాక చూపు గుమ్మం వైపు వెళ్లింది. వేపాకులు గాలికి ఊగుతున్నాయి. ఎత్తిన చెయ్యిని ఏం చేయాలో తెలియక కాసేపు తల గోక్కున్నాడు. పేలు లేని తలను అంతసేపు గోక్కున్న మనిషిని నేను చూడలేదు.

అక్క ఒంటి మీది నల్లటి మచ్చలు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి, ఒకరోజు కనిపించకుండా పోయాయి. ఆమె అసలు రంగు నాకు అప్పుడే తెలిసింది. పొట్ట ముందు చెయ్యి తీసి నడవడం మొదలుపెట్టింది. ఇద్దరం ఒక్క చోట కూర్చుని తిన్నాం. మూడు రోజులకోసారి ఆమె చప్పిడి పప్పు ముందు కూర్చుని, "గీ సప్పటి కూడు ఎంత కమ్మగున్నదే" అనేది.

బావ కోపం మాత్రం జ్వరంతో పోలేదు. దారి మార్చుకుంది. చెర్నాకోలతో ఎడమ ఎద్దును చెవి చీలిపోయేదాకా కొట్టాడు. నీళ్ల గోలెం పగలగొట్టాడు. కల్లు దుకాణం ముందు ఎవరితోనో కలబడి, కనుబొమ్మ చీలి, చొక్కా అంతా రక్తంతో వచ్చాడు. ఆ రక్తం కడిగింది అక్కే. ఇంకో రోజు బండి తోలడం ఆలస్యమైందని నా మొగుడి మీద పడి, కాడి మేకుతో భుజం మీద కొట్టాడు. నా మొగుడు నిదానస్తుడు, కానీ రోజూ బండలు మోసేవాడు. అన్నను రెండు చేతులతో ఎత్తి పేడ దిబ్బలో వేశాడు. ఆ తర్వాత మా ఆయన భుజం కదలక పది రోజులు ఇంట్లో ఉన్నాడు. అమ్మవారు మొగవాళ్లకు ఏ కట్టడీ పెట్టలేదు కాబట్టి అత్త కూడా ఏమీ అనలేదు.

మశూచికి అయితే ఒక లెక్క ఉంటుంది. పొక్కులు ఎండి, చెక్కులు రాలితే తల స్నానం చేయించి అమ్మవారిని సాగనంపుతారు. పొక్కులే రాని అమ్మవారు పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంటి పెద్ద ఆడది చెప్పాలి. గల్లీలో పెద్ద మా అత్త. మొగవాళ్లు కల్లు దుకాణం దగ్గర చేరి దీని గురించే మాట్లాడుకునేవారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాకిట్లో నిలబడి, వినయంగా అడిగేవారు.

"పెద్దవ్వా, ఇంక పోలేదా?"

"పోలే."

"నీకెట్ల తెలుస్తది?"

"పోతే చెప్పి పోతది. నీలెక్క గోడ దునికి పోతదా?"

ఒక తెల్లవారుజామున నేను పేడకు వెళ్తే, రాళ్లు పేర్చే దొడ్డి దగ్గరి వేపచెట్టు కింద అత్త కనిపించింది. మడమలెత్తి కొమ్మ వంచుతోంది. కుడిచేతి చూపుడువేలు ఎటు తిప్పినా వంగదు. ఏనాడో విరిగి, అడ్డంగా అతుక్కుపోయింది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ వేలును మాత్రం వదిలి పోయాడు.

"అత్తా, ఏ ఇంట్లనూ జరం లేదు గదా. అమ్మవారు ఎప్పుడు పోతది?"

అత్త మండలు నా చేతిలో పెట్టింది. "నెలలు నిండినంక పోతది" అన్నది.

అమ్మవారికి నెలలు నిండడమేమిటని అడగబోతే అక్క పొట్ట గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ఎత్తైన కొమ్మలు నేను వంచాను.

అక్కకు తొమ్మిదో నెల రాకముందే సర్కారు వచ్చింది. మా గల్లీలో అమ్మవారు పోకుండా కూర్చుందన్న మాట ఎట్లాగో వికారాబాద్ దాకా వెళ్లింది. టీకాల ఇన్స్‌పెక్టర్ సంచి తగిలించుకుని రైలు దిగాడు. చొక్కాలిప్పించి చూశాడు. నాలుకలు చూశాడు. రోగం ఎట్లా వచ్చింది, ఎన్నాళ్లుంది అని అడిగాడు. తర్వాత నవ్వాడు.

"గిది అమ్మవారు కాదు. ఫ్లూ. దేశమంత వచ్చి పోయింది. మీ దగ్గర గూడ ఎప్పుడో పోయింది. గీ ఆకులు ఇంకెందుకు?"

మా గల్లీ మొగవాళ్లు సర్కారు మాటను అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. "అంటే అమ్మవారు పోయినట్టేనా సారూ?" అని బావ అడిగాడు.

"పోయేదేంది. అసలు రాలే."

ఎట్లాగూ వచ్చాడు కాబట్టి అందరికీ టీకాలు పొడిచి, మజ్జిగ తాగి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. మంచి మనిషి. నిజమే చెప్పాడు. ఆ నిజం పొద్దుగూకే లోపల ఏ ఇంట్లో ఏం చేస్తుందో, దానికి ఆయన సంచిలో టీకా లేదు.

బావ మా గుమ్మానికున్న మండలు ఒక్క గుంజుకు పీకాడు. వాటిని చేతిలో పట్టుకునే లోపలికొచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

"పప్పుకు పోపెయ్యి."

అక్క లేవబోయింది, లేవలేకపోయింది. అత్త పొయ్యి ముందు పీట మీద కూర్చుంది. "నేనేస్త" అని పెద్ద ఇనుప గంటెలో నూనె పోసి, ఆవాలూ వెల్లుల్లీ ఎండుమిరపకాయలూ వేసి నిప్పుల మీద పెట్టింది. అప్పటికే గల్లీలో ఒక ఇంట్లో ఆవాలు చిటపటమన్నాయి. తర్వాత పక్కింట్లో. రెండు నెలల తర్వాత వెల్లుల్లి వాసన గల్లీని ముంచేసింది. నాకు నోరూరింది, ఒప్పుకుంటాను. అంతలో ఎదురింటి వెనకనుంచి ఒక ఆడమనిషి అరుపు వినిపించింది. ఆ వెనక ఇంకో ఇంటి నుంచి ఏదో పగిలిన చప్పుడు.

"రెండు నెల్ల సంది చేతులు కట్టుకోని కూసున్న" అన్నాడు బావ. "ఆకులు సూపి ఆడిపిచ్చిన్రు నన్ను."

అక్క జడ చేతికి చుట్టుకుని లాగాడు. ఆమె పొట్టను రెండు చేతులతో పొదువుకుని పక్కకు వాలింది. అరవలేదు. తల బండ నేలకు తగిలింది. ఆ చప్పుడు నాకు తెలుసు. నేను ఇద్దరి మధ్యకు వెళ్లాను. బావతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"బావా, కడుపుతోటి ఉన్నది."

చేతిలోని వేపమండలతో మొహం మీద కొట్టాడు. అవి విరిగితే పిడికిలితో కొట్టాడు. కొంగు జారింది. నోట్లో ఏదో గట్టిగా తగిలితే ఉమ్మేశాను. ముందు పన్ను. వేపపుల్లతో పళ్లు గట్టిపడతాయంటారు. పుల్ల సరిపోతుంది, మండ అక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది. గోడకు కొట్టుకుని కింద పడి, అక్కడి నుంచి చూశాను. బావ కుడికాలు వెనక్కి తీశాడు. గురి అక్క చేతుల మీదికి, ఆ చేతుల కింద ఉన్నదాని మీదికి.

అత్త లేవలేదు. అరవలేదు. పీట మీద కూర్చున్న చోటు నుంచే గంటె కొద్దిగా ముందుకు చాపి, బోర్లించింది.

ఆవాలు చిటపటమన్నాయి, ఈసారి బావ పాదం మీద. అతను వెనక్కి పడి, కాలు రెండు చేతులతో పట్టుకుని బండల మీద దొర్లాడు. చర్మం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఎండుమిరపకాయ ఒకటి వేళ్ల మధ్య అతుక్కుని ఇంకా పొగ వస్తోంది. అతని అరుపుకు ఎద్దులు తాళ్లు తెంపుకోబోయాయి.

అత్త గంటెలోకి చూసింది. "నూనె వోయింది" అన్నది. "పప్పు ఇయ్యాల గూడ సప్పగనే తినుండ్రి."

నేను అక్కను పక్కకు లాగాను. ఆమె నా చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల కదలిక లేదు. ఇద్దరం చేతులు అక్కడే అదిమి కూర్చున్నాం. బావ ఏడుస్తున్నాడు, నా నోట్లోంచి రక్తం ఆమె ఒళ్లో పడుతోంది. మా ఇద్దరికీ ఆ రెండు సంగతులూ అప్పుడు పట్టలేదు. చాలాసేపటికి అరచేతి కింద చిన్న గుద్దు తగిలింది. ఆ ఇంట్లో నేను సంతోషంగా తిన్న దెబ్బ అదొక్కటే.

బావ కాలి మీద బొబ్బలు లేచాయి. పావలా బిళ్లంత, అర్ధరూపాయంత, నీళ్లు నిండి మెరుస్తున్నాయి. అత్త దీపం దగ్గరగా తెచ్చి వాటిని తీరిగ్గా చూసింది.

"రాలే అన్నడు గదా సర్కారోడు. గివేంది మరి? లోపట ఉన్నది గిప్పుడు బయటికొచ్చింది."

బావ తన తల్లి మొహంలోకి చూశాడు. ఆమె కింద పడిన వేపమండల్లో విరగనివి ఏరుకుని, అక్క కాళ్ల పక్కనుంచి నడిచి, గుమ్మానికి కట్టి వచ్చింది.

అరుపు విని బండ్లవాళ్లు నలుగురు వాకిట్లోకి వచ్చారు. "ఏమాయెరా?" బావ గంటె వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. కన్నతల్లి పోపు పోసిందని నలుగురిలో చెప్పుకుంటే మళ్లీ కల్లు దుకాణం గడప తొక్కగలడా? పళ్లు బిగించి, "అమ్మవారు బయటవడ్డది" అన్నాడు.

"ఎల్లిపాయ వాసనొస్తున్నదేందిరా" అన్నాడు ఒకడు.

"పొండ్రి అవతలికి" అన్నది అత్త. "అమ్మవారున్న ఇంట్లకు చెప్పులతోటి వస్తరా?"

నలుగురూ కిందికి చూసుకుని వెనక్కి నడిచారు. మర్నాటికి గల్లీలో కొన్ని గుమ్మాలకు మండలు మళ్లీ వచ్చాయి. కొన్నిటికి రాలేదు. అన్ని ఇళ్లలోనూ గంటె తిరగలేదు. ఆ సాయంత్రం అరిచిన ఆమెకు ఎడమ చెవి ఇప్పటికీ వినిపించదు. సర్కారు జ్వరం లెక్కలో ఆ చెవి ఉండదు.

ఆ తర్వాత బావ మంచి మనిషి అయ్యాడని రాస్తే చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది. కాలేదు. నోరు అట్లాగే ఉంది, చెయ్యి కూడా ఏడాదికో రెండేళ్లకో గుర్తుచేసుకుంటుంది. కానీ పొయ్యి దగ్గరికి మాత్రం రాడు. అందువల్ల నేనూ అక్కా చాలా పనులు పొయ్యి దగ్గరే చేసుకుంటాం. పప్పు చెరగడం, జడలు వేసుకోవడం, నేను వాళ్లనూ వీళ్లనూ దింపి చూపించి అక్కను నవ్వించడం. నా ముందు పన్ను లేకపోవడం వల్ల ఎదురింటి ముసలామె గొంతు ఇప్పుడు నాకు అచ్చంగా వస్తుంది.

ఆ ఏడు బావ కాలి మీది బొబ్బలు చితికి పుండ్లయ్యాయి. అక్కే వేపాకు నూరి పట్టు వేసింది, మండతో విసిరింది. మెల్లగా వెయ్యమని అతను అంటే, "అమ్మవారికి మెల్లగ పనికిరాదు" అనేది. ఆ మాట ఆమె నా దగ్గరే నేర్చుకుందని అత్తకు అనుమానం. కాలు మానేలోపలే నెలలు నిండాయి.

నొప్పులు పొద్దున మొదలై మధ్యాహ్నం దాటినా తెగలేదు. బావ గుమ్మంలో కూర్చుని, కట్టుకట్టిన కాలు గడప మీద అడ్డంగా చాపుకుని ఉన్నాడు. మంత్రసాని కన్నడం కలిపి మాట్లాడే మనిషి. లోపలికి వస్తూ ఆ కాలిని చూసి, ఏదో తిట్టి, దాటుకుని వచ్చింది. నేను నీళ్లకు వెళ్లినప్పుడల్లా దాటాను, వచ్చినప్పుడల్లా దాటాను. లోపల అక్క నా మణికట్టును నలిపేస్తూ ఒకటే అడుగుతోంది: "కదులుతున్నదా? కదులుతున్నదా?" ఆలస్యంగా వచ్చిన వాడి జంక్షన్ రైలు కూత వేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత బండ గోడలు దాచలేని చప్పుడు ఇంకొకటి వచ్చింది. ఆ ఇంట్లో నేను అంతకు ముందు వినని చప్పుడు. చిన్నది, కోపంగా ఉంది.

అత్త ఎర్రబడిన చేతులు కడుక్కుని, చెంబులో పసుపునీళ్లు కలిపి గుమ్మం దగ్గరికి వచ్చింది. బావ తల ఎత్తాడు.

"కాలు తియ్యి" అన్నది అత్త. "ఆడపిల్ల పుట్టింది. అమ్మవారికి సాక పొయ్యాలె."

అతను రెండు చేతులతో కాలిని పట్టుకుని లోపలికి లాక్కున్నాడు.